గుద సంభోగానికి కొత్తవారు ఏ లూబ్రికెంట్ ఎంచుకోవాలి? నీటి జెల్, సిలికాన్, కొబ్బరి నూనెల పోలిక

పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరు పరస్పర ఇష్టంతో గుద సంభోగాన్ని గానీ, వేలితోనో టాయ్‌తోనో మలద్వార స్పర్శను గానీ మొదటిసారి ప్రయత్నించాలని అనుకున్నప్పుడు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఏ లూబ్రికెంట్ వాడాలన్నదే. మందుల షాపులో నలుగురూ నిలబడి ఉండగా ఈ మాట అడగడానికి నోరు రాదు. ఆన్‌లైన్‌లో వెతికితే యాభై రకాలు కనిపిస్తాయి గానీ వాటి మధ్య తేడా ఏమిటో ఎవరూ చెప్పరు. చివరికి చాలామంది ఇంట్లో ఉన్న కొబ్బరి నూనెతోనో, వ్యాజిలీన్‌తోనో సరిపెట్టుకుంటారు. ఆ నూనె వల్ల కండోమ్ చినిగిపోయే ప్రమాదం ఉందని వారిలో చాలామందికి తెలియదు. ఈ పోలిక అలాంటివారి కోసం రాస్తున్నాను.

ఏ రకం మంచిదో చెప్పే ముందు ఆ భాగం ఎలా పనిచేస్తుందో తెలియాలి, ఎందుకంటే ఎంపికకు సంబంధించిన ప్రతి నియమమూ అక్కడి నుంచే వస్తుంది. కోరిక కలిగినప్పుడు యోనిలో తడి ఊరినట్టు మలద్వారంలో ఊరదు. అందువల్ల ఇక్కడ లూబ్రికెంట్ తప్పనిసరి. మలద్వారం వెలుపలి అంచు నుంచి లోపలికి మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న ఇరుకైన దారి ఉంటుంది. దాని చుట్టూ రెండు వలయ కండరాలు ఉంటాయి. వెలుపలి వలయం మన మాట వింటుంది, మనం బిగించమంటే బిగుస్తుంది, వదలమంటే వదులుతుంది. లోపలి వలయం మాత్రం మన ఆజ్ఞకు లోబడదు, భయమేసినా తొందరపెట్టినా బిగుసుకుంటుంది, నెమ్మదిగా ఆగి ఎదురు చూస్తేనే సడలుతుంది. ఆ దారి దాటాక వచ్చే పురీషనాళం లోపలి పొర ఒకే ఒక్క వరుస కణాలతో ఏర్పడింది. యోని లోపలి పొరలో అనేక వరుసలు ఉంటాయి కాబట్టి కొంత ఒరిపిడిని తట్టుకుంటుంది, ఇది అంతగా తట్టుకోలేదు. పైగా మలద్వారం అంచు దగ్గర నొప్పి తెలిపే నాడులు దట్టంగా ఉంటాయి గానీ, కాస్త పైకి వెళితే అలాంటి నొప్పి తెలియదు. అంటే అంచు దగ్గర కలిగే నొప్పి మనకు అందే మొదటి హెచ్చరిక, ఒక్కోసారి అదే చివరి హెచ్చరిక కూడా. ఈ సంగతి గుర్తుంచుకోండి, మొద్దుబార్చే జెల్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

దేనిని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది కండోమ్‌తో పొత్తు కుదురుతుందా లేదా అన్నది. మన దగ్గర దొరికే కండోములు దాదాపు అన్నీ లేటెక్స్ అనే రబ్బరుతో చేసినవే, ప్రభుత్వం పంచే నిరోధ్ కూడా అంతే. లేటెక్స్‌కు నూనె పడదు. ఊదిన రబ్బరు బుడగకు నూనె రాసి పక్కన పెడితే కాసేపటికి అది దానంతట అదే పగిలిపోవడం పిల్లలు కూడా చూసి ఉంటారు.

రెండోది చాలామంది ఎన్నడూ వినని సంగతి, నా ఉద్దేశంలో డబ్బాపై ముందుగా వెతకవలసిన సంగతి. దాన్ని ఆస్మోలాలిటీ అంటారు, అంటే జెల్‌లో కరిగి ఉన్న పదార్థాల గాఢత. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగి ముక్కలు ముడుచుకుపోతాయి కదా, గాఢత ఎక్కువ ఉన్న జెల్ కూడా ఆ ఒంటి వరుస కణాల నుంచి అలాగే నీరు లాగేస్తుంది. కణాలు ముడుచుకుని రాలిపోతే పొర పలచబడుతుంది, అప్పుడు మంట పుడుతుంది, సూక్ష్మజీవులకూ దారి దొరుకుతుంది. మన రక్తం గాఢత కిలోకు సుమారు 290 మిల్లీఆస్మోళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సలహా పత్రం ప్రకారం లూబ్రికెంట్ గాఢత 380 లోపు ఉండడం ఉత్తమం. మార్కెట్‌లో చాలా జెల్‌లు ఆ హద్దు దాటి ఉన్నాయి కాబట్టి 1200 మించకుండా ఉంటే ప్రస్తుతానికి ఫరవాలేదని ఆ పత్రమే అంటుంది. మలద్వారానికి వాడే జెల్ పీహెచ్, అంటే పులుపుదనం కొలత, 5.5 నుంచి 7 మధ్య ఉండడం మంచిది. డబ్బాపై ఈ అంకెలు అరుదుగా ముద్రిస్తారు. అప్పుడు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదవండి. నీటి తర్వాత వెంటనే గ్లిజరిన్ గానీ ప్రొపిలీన్ గ్లైకాల్ గానీ కనిపిస్తే, లేదా రెండూ కలిసి మొదటి నాలుగు పేర్లలో ఉంటే గాఢత ఎక్కువగా ఉండే అవకాశం చాలా ఉంది. 'వేడెక్కించే' జెల్‌లలో ఇవి మరీ ఎక్కువ.

ఇక మిగిలినవి ఎంతసేపు జారుడు నిలుస్తుంది, టాయ్‌ను పాడు చేస్తుందా, కడిగితే పోతుందా, ఎక్కడ దొరుకుతుంది అన్నవి. వీటికి ఎవరి అవసరాన్ని బట్టి వారు విలువ కట్టుకోవచ్చు.

| రకం | లేటెక్స్ కండోమ్‌తో | సిలికాన్ టాయ్‌తో | జారుడు ఎంతసేపు | కడగడం | కొత్తవారికి |
|---|---|---|---|---|---|
| నీటి జెల్ | సురక్షితం | సురక్షితం | తక్కువ, మళ్లీ రాయాలి | నీటితో సులభం | మొదటి ఎంపిక |
| సిలికాన్ | సురక్షితం | పాడవుతుంది | చాలాసేపు | సబ్బుతో, శ్రమ | రెండో ఎంపిక |
| నీరు, సిలికాన్ కలిసినది | సురక్షితం | డబ్బాపై చూడాలి | మధ్యస్థం | ఫరవాలేదు | వాడవచ్చు |
| కొబ్బరి నూనె, ఇతర నూనెలు | వాడకూడదు | సాధారణంగా పాడవదు | చాలాసేపు | మరకలు పడతాయి | కండోమ్ లేనప్పుడు మాత్రమే |
| పెట్రోలియం జెల్లీ (వ్యాజిలీన్) | వాడకూడదు | వద్దు | చాలాసేపు | కష్టం | వద్దు |
| మొద్దుబార్చే జెల్ | రకాన్ని బట్టి | రకాన్ని బట్టి | లెక్కలోకి రాదు | లెక్కలోకి రాదు | అసలే వద్దు |

నీటి జెల్

దీని బలం ఏమిటంటే దేనితోనూ గొడవ పెట్టుకోదు. కండోమ్ ఏదైనా, టాయ్ దేనితో చేసినదైనా, దుప్పటి ఏ రంగుదైనా ఇబ్బంది లేదు. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో అన్నిటికంటే తేలికగా, తక్కువ ధరకు దొరికేదీ ఇదే.

బలహీనత ఆరిపోవడం. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. నేను చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య ఒక చుక్క నీటి జెల్ వేసి నెమ్మదిగా రుద్దుతూ ఫ్యాన్ కింద కూర్చుంటే, కొద్ది నిమిషాల్లోనే జారుడు తగ్గి, వేళ్లు విడదీస్తుంటే సన్నని తీగలు సాగి, ఆ తర్వాత జిగురుగా పట్టుకోవడం మొదలైంది. అప్పుడు ఒకే ఒక్క నీటి చుక్క వేస్తే మళ్లీ మొదటిలాగే జారింది. కొత్తవారికి దీనిలో రెండు పాఠాలు ఉన్నాయి. జిగురు తగిలిందంటే ఒరిపిడి మొదలైందని అర్థం, అక్కడే ఆగాలి. పక్కన చిన్న గిన్నెలో శుభ్రమైన నీళ్లు పెట్టుకుంటే ప్రతిసారీ కొత్త జెల్ పోయనవసరం లేదు.

నీటి జెల్‌లలోనూ పలచనివి, చిక్కనివి ఉంటాయి. యోనికి పలచనిది చాలు గానీ, మలద్వారానికి కాస్త చిక్కగా, గంజిలాగా నిలిచేది మేలు, ఎందుకంటే పలచనిది బయటికే కారిపోతుంది. చిక్కదనం గ్లిజరిన్ వల్ల కాకుండా హైడ్రాక్సీఎథైల్ సెల్యులోజ్ వంటి పదార్థం వల్ల వచ్చినదైతే మంచిది, ఆ పేరు జాబితాలో కనిపిస్తుంది. రుచులు, పరిమళాలు, చల్లదనం, వెచ్చదనం అని రాసి ఉన్నవేవీ ఈ భాగానికి వద్దు. నోనాక్సినాల్-9 అనే వీర్యనాశిని కలిసిన జెల్‌ను, కండోమ్‌ను మలద్వారానికి అస్సలు వాడకండి. అది ఆ పొరనే దెబ్బతీస్తుంది, హెచ్‌ఐవీ నుంచి రక్షించదు సరికదా ముప్పు పెంచవచ్చు. స్నానాల గదిలో ఉండే కలబంద జెల్‌ కూడా దీని బదులు పనికిరాదు. ముఖానికి రాసుకునే కలబంద జెల్‌లలో చాలావాటిలో ఆల్కహాలు, సెంటు ఉంటాయి.

సిలికాన్

ఇది చర్మంలోకి ఇంకదు, ఆరదు, నీటితో పోదు. అదే వేళ్ల పరీక్షలో నీటి జెల్ రెండుసార్లు ఆరిపోయాక కూడా సిలికాన్ చుక్క మొదటిలాగే జారుతూ ఉంది. దీనిలో నీరు లేదు కాబట్టి మాగాయ ఊట సమస్య కూడా లేదు. చాలా కండోములకు ఫ్యాక్టరీలోనే పూసి ఉండేది సిలికాన్ నూనే, అందువల్ల లేటెక్స్‌తో సంశయం అక్కర్లేదు. డబ్బా వెనక డైమెథికోన్, సైక్లోమెథికోన్ వంటి రెండు మూడు పేర్లు మాత్రమే కనిపిస్తే అది శుభ్రమైన రకం అనుకోవచ్చు. చర్మం తేలిగ్గా మండేవారికి ఇది మంచి మార్గం.

అయితే మూడు ఇబ్బందులు చెప్పాలి. సిలికాన్‌తో చేసిన టాయ్‌కి సిలికాన్ లూబ్రికెంట్ తగిలితే దాని పైపొర మెత్తబడి, అంటుకుంటూ, గుంటలు పడవచ్చు, ఆ గుంటల్లో మురికి చేరుతుంది. గాజు, స్టీలు టాయ్‌లకు ఆ సమస్య లేదు. దుప్పటి మీద మరక త్వరగా వదలదు. మూడోది తేలికగా తీసుకోకూడనిది: బాత్‌రూమ్ టైల్స్ మీద ఒక్క చుక్క పడినా నూనె ఒలికినట్టే జారుతుంది, కడిగినా కొంత మిగులుతుంది. అర్ధరాత్రి లేచిన పెద్దవారు ఎవరైనా జారిపడగలరు. కాళ్లు తుడుచుకున్నాకే మంచం దిగండి. ధర నీటి జెల్ కంటే ఎక్కువ ఉంటుంది గానీ, చెంచాడు వాడే చోట నాలుగు చుక్కలు సరిపోతాయి కాబట్టి తేడా కనిపించినంత పెద్దది కాదు.

నీరు, సిలికాన్ కలిపి చేసిన రకం తెల్లగా పాలలా ఉంటుంది. రెండింటి మధ్య రాజీ అది. దొరికితే వాడవచ్చు, ప్రత్యేకించి వెతుక్కుంటూ వెళ్లనవసరం లేదు.

కొబ్బరి నూనె, ఇంట్లోని ఇతర నూనెలు

తెలుగు ఇళ్లలో ఎక్కువమంది చేయి ముందు వెళ్లేది దీని మీదికే. తలకు రాసుకున్నది, పిల్లల ఒంటికి మర్దన చేసినది హాని ఎలా చేస్తుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. ఆ నమ్మకాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కండోమ్ వాడే అవసరం లేని జంట, అంటే ఇద్దరూ పరీక్షలు చేయించుకుని, ఒకరికొకరు మాత్రమే అయినవారు, సెంటు కలపని స్వచ్ఛమైన కొబ్బరి నూనె వాడితే ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. చాలాసేపు నిలుస్తుంది, చవక, కొనడానికి మొహమాటం లేదు. చలికాలంలో సుమారు 24 డిగ్రీల కంటే కిందికి వాతావరణం దిగితే గడ్డకడుతుంది. అప్పుడు అరచేతుల మధ్య కరిగించి వాడాలి గానీ, గడ్డగా లోపలికి తోయకూడదు.

కండోమ్ ఉన్న చోట మాత్రం దీనికి స్థానం లేదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. నిమిషం పాటు మినరల్ ఆయిల్ తగిలిన లేటెక్స్ కండోమ్ తన బలంలో దాదాపు 90 శాతం కోల్పోయిందని 1989లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. పిల్లలకు రాసే బేబీ ఆయిల్ చాలావరకు మినరల్ ఆయిలే. కొబ్బరి, ఆముదం, నెయ్యి, వెన్న, బాడీ లోషన్ అన్నీ లేటెక్స్‌కు శత్రువులే. కండోమ్ కళ్లకు బాగానే కనిపిస్తుంది, చినిగిన సంగతి అంతా అయ్యాకే తెలుస్తుంది. ముందురోజు చేతికి రాసుకున్న నూనె చేతుల మీద మిగిలి ఉన్నా కండోమ్ తొడిగే ముందు సబ్బుతో కడుక్కోవడం అవసరం. పాలీయురేథేన్ కండోములు నూనెను తట్టుకుంటాయి గానీ మన మందుల షాపుల్లో అవి దొరకడం అరుదు. లేటెక్స్ పడనివారి కోసమని అమ్మే పాలీఐసోప్రీన్ రకం నూనెను తట్టుకోలేదు, పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడకండి.

ఆవనూనె, నొప్పులకు రాసే మందు నూనెలు, కర్పూరం కలిసిన తైలాలు అక్కడ తగిలితే మంట భరించలేరు. పెట్రోలియం జెల్లీ కండోమ్‌నూ పాడుచేస్తుంది, లోపల పొరకు అంటుకుని త్వరగా వదలదు కూడా. ఇక ఉమ్ము గురించి ఒక్క మాట: క్షణాల్లో ఆరిపోతుంది, గొంతులో ఉన్న గనేరియా వంటి సుఖవ్యాధులు దాని ద్వారా చేరే వీలుంది. దాన్ని లూబ్రికెంట్‌గా లెక్కించకండి.

మొద్దుబార్చే జెల్ ఎందుకు వద్దు

'మొదటిసారి నొప్పి తెలియకుండా' అని ప్రకటించే జెల్‌లలో లిగ్నోకైన్ లేదా బెంజోకైన్ అనే తిమ్మిరెక్కించే మందు ఉంటుంది. కొత్తవారికి ఇదే అత్యంత ఆకర్షణీయంగా కనిపిస్తుంది, నా దృష్టిలో ఇదే అత్యంత ప్రమాదకరమైన ఎంపిక. అంచు దగ్గర నొప్పి మన కాపలాదారు అని పైన చెప్పాను. ఆ కాపలాదారును నిద్రపుచ్చితే, లోపలి వలయం సడలకముందే బలవంతంగా దాటడం జరుగుతుంది, చీలిక ఏర్పడుతుంది, మర్నాడు మలవిసర్జన సమయంలో గానీ తెలియదు. ఆ చీలికను డాక్టర్లు ఫిషర్ అంటారు, వారాల తరబడి బాధపెడుతుంది. పైగా ఆ పొర మందును వేగంగా పీల్చుకుంటుంది, ఎదుటి వ్యక్తికీ తిమ్మిరెక్కుతుంది. నొప్పి ఉందంటే దానికి మందు రాయడం కాదు చేయవలసింది, ఆగడం, జెల్ పెంచడం, చిన్నదానితో మొదలుపెట్టడం, అవసరమైతే ఆ రోజుకు మానేయడం. మద్యం తాగి చేసినా ఇదే ప్రమాదం.

ఎవరికి ఏది

కండోమ్ వాడేవారు, ముఖ్యంగా భాగస్వామి హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం తెలియనివారు, చిక్కని నీటి జెల్ లేదా సిలికాన్ మాత్రమే తీసుకోవాలి. ఈ విషయంలో సందేహానికి తావు లేదు. లైంగిక చర్యలన్నిటిలో కండోమ్ లేకుండా గుద సంభోగంలో స్వీకరించే వ్యక్తికే హెచ్‌ఐవీ సోకే ముప్పు ఎక్కువ. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తితో పదివేల సార్లకు 138 అంటుకునే వీలుంటే, యోని సంభోగంలో స్వీకరించే వ్యక్తికి అది 8. ఆ వ్యక్తి మందులు వాడుతూ వైరస్ కనబడని స్థితిలో ఉంటే లైంగికంగా అంటదు. కండోమ్ లోపల చివర ఒక చుక్క, వెలుపల ధారాళంగా జెల్ రాయండి. లోపల ఎక్కువైతే కండోమ్ జారిపోతుంది. రెండు కండోములు ఒకదానిపై ఒకటి వేస్తే రెండూ రాపిడికి చినుగుతాయి.

ఒంటరిగా టాయ్‌తో మొదలుపెట్టేవారికి నీటి జెల్ చాలు. వీరికి లూబ్రికెంట్ కంటే టాయ్ ఆకారం ముఖ్యం. అడుగుభాగం వెడల్పుగా, లోపలికి పోలేనంత విశాలంగా ఉండాలి. యోనికి చివర ఒక హద్దు ఉంది, పురీషనాళానికి లేదు, లోపలికి జారినదాన్ని కండరాలు ఇంకా పైకి లాగుతాయి. సీసాలు, కూరగాయలు, కొవ్వొత్తులు లోపల చిక్కుకుని ఆపరేషన్ దాకా వెళ్లిన సందర్భాలు సర్జన్లందరికీ తెలుసు.

భార్యాభర్తల్లో, ఇతర స్త్రీపురుష జంటల్లో ఒకటి మరిచిపోకూడదు. మలద్వారానికి తగిలిన వేలు, కండోమ్, టాయ్ కడగకుండా, మార్చకుండా యోని దగ్గరికి రాకూడదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు అది సూటి దారి. నూనె వాడితే అది యోనిలోకి పాకి చాలాసేపు ఉండిపోతుంది, అందుకే వీరికి కూడా నేను నీటి జెల్‌నే ముందు చెబుతాను.

మొలలు, ఫిషర్, భగందరం ఉన్నవారికి ఏ లూబ్రికెంట్ సరిపోతుందన్న ప్రశ్నే రాదు. అవి తగ్గేవరకు ఆగాలి. విపరీతమైన మలబద్ధకం ఉన్న రోజుల్లో కూడా అంతే.

శుభ్రత విషయంలో కొత్తవారు అవసరానికి మించి కంగారుపడతారు. మలవిసర్జన అయ్యాక గోరువెచ్చని నీటితో వెలుపల కడుక్కుంటే సాధారణంగా చాలు. లోపల కడగడానికి మందుల షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా గాఢత ఎక్కువ ఉన్న ద్రవం, మనం జెల్‌లో తప్పించుకున్న నష్టాన్నే అది ముందుగా చేసి పెడుతుంది.

కొన్న తర్వాత

చిన్న ట్యూబు కొనండి. ముంజేయి లోపలివైపు ఒక చుక్క రాసి ఒక రోజు వదిలేయండి, ఎర్రబడకపోతే, దురద లేకపోతే మలద్వారం వెలుపల కొద్దిగా రాసి చూడండి. మొదటిరోజు గోరు కత్తిరించిన ఒక వేలు, ఒక చెంచాడు జెల్ అంతే. వేలును తోయకుండా అంచుపై ఆనించి ఉంచి ఊపిరి వదులుతుంటే వలయం తానుగా సడలడం తెలుస్తుంది. స్వీకరించే వ్యక్తి వేగం నిర్ణయించాలి, ఆగుదాం అంటే అక్కడే ఆగాలి, ఎందుకని అడగకుండా.

టిష్యూ మీద ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించి ఆగిపోతే కొన్నాళ్లు విశ్రాంతినివ్వండి. రక్తం ఆగకపోయినా, పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, ఏదైనా లోపల చిక్కుకున్నా అదే రోజు జనరల్ సర్జన్ దగ్గరికి వెళ్లాలి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. చట్టం గురించి భయం అక్కర్లేదు. సమ్మతి ఉన్న వయోజనుల మధ్య ఇది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు ఇచ్చింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, దీన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షనే లేదు. కండోమ్ చినిగి, హెచ్‌ఐవీ అనుమానం ఉంటే 72 గంటల లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, వైరస్ సోకకుండా ఆపే మందులు మొదలుపెట్టాలి. అందుకోసం ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లండి, దారి తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత నంబరు 1097కి ఫోన్ చేయండి. సుఖవ్యాధుల పరీక్షలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి.